రెండు రంగుల మూల

మా వదిన పోయిందన్న కబురు నాకు రెండుసార్లు అందింది. మొదట పెద్దతమ్ముడి మనిషి వచ్చాడు, వెనుకనే చిన్నతమ్ముడి మనిషి. ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ములు ఒకే చావును విడివిడిగా చెప్పి పంపారు.

ఆమె మా అన్నగారి భార్య. నేను కాలేజీలో చదువుతానన్నప్పుడు ఆ ఇంట్లో నా పక్షాన నిలిచింది ఆమె ఒక్కతే. అన్నగారు పోయాక ఆమెకు పిల్లలూ లేరు, వాటా కూడా లేదు. మద్రాసు ఎవరిదన్న తగాదా వీధుల్లో నడుస్తున్న రోజుల్లోనే తమ్ముళ్ళు చింతాద్రిపేట ఇంటిని పంచుకున్నారు. ముందు హాల్లో ఒక గోడ పెద్దవాడికి, పక్క గోడ చిన్నవాడికి వచ్చాయి. ఆ రెండూ కలిసే మూలలో వదిన చాప వేసుకునేది.

పెద్దవాడు పచ్చరంగు సున్నం, చిన్నవాడు గులాబీరంగు సున్నం వేయించేవారు. కూలివాళ్ళు అంచు చెడగొడతారని మూలను మాత్రం వదినే దిద్దేది. ముందు గులాబీరంగును మూల దాటించి ఆరనిచ్చేది. తరువాత రాయి కట్టిన దారాన్ని పైనుంచి వేలాడదీసి, దాని వెంబడి పచ్చరంగు పూసేది. “పాత గోడ మూలను నమ్మగూడదు అమ్మణ్ణీ, దారాన్నే నమ్మాల” అనేది.

ఒక ఏడు పెద్దవాడు వేలు పెట్టి కొలిచాడు.

“ఏంది వదినా, వాడి రంగు నా గోడమీదికి వేలెడు వచ్చిందే?”

“మూల వంకర నాయనా, గీత కాదు.”

“ఆ జరిగేదేదో వాడి పక్కకు జరగొచ్చు గదా. మీకు చిన్నోడంటేనే ముద్దు.”

“కింద చూడు, నీ పచ్చే నా మీదికొచ్చుండాది” అన్నాడు చిన్నవాడు లోపలినుంచి.

“ఆ వేలూ ఈ వేలూ కలిపి నాకిచ్చేయండప్పా, కాళ్ళు చాపుకుంటా” అంది వదిన. ఇద్దరూ నవ్వారు. ఎవరూ ఇవ్వలేదు.

నా అద్దె ఇంటికి వచ్చేయమని ఎన్నోసార్లు పిలిచాను. “ఆడికొస్తే నేను చుట్టాన్ని. ఈడైతే ఒక గది అడగొచ్చు” అనేది. అడిగింది కూడా. “చూద్దాం వదినా” అనేవారు తమ్ముళ్ళు.

ఆమె పోయిన నక్షత్రం మంచిది కాదని, పోయిన చోటును ఆరు నెలలు మూసి ఉంచాలని పురోహితుడు చెప్పాడట. నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఆమె పక్కన నిలబడి గోడను చూస్తున్నారు.

“తల నీ పక్కనే ఉండాది” అన్నాడు పెద్దవాడు.

“గీత దాటి వేలెడు నీదేనని నువ్వే గదా అన్నావు. ఆ లెక్కన తల నీ పక్కనే.”

బతికున్నంతకాలం జానెడు చోటు ఇవ్వనివారు ఇప్పుడు ఆమెను మొత్తంగా ఒకరికొకరు ఇచ్చేసుకుంటున్నారు. ఆమె కోసం ఏడవడానికి వచ్చిన నాకు ఆ కోపంలో కన్నీళ్ళు రాలేదు.

దహనం ముగిశాక అన్నదమ్ములు ఏళ్ళ తరువాత కలిసి ఒక పని చేశారు. ఆ మూలకు అడ్డంగా తడిక కట్టి, ఇద్దరి భాగాలనూ దోషం నుంచి తప్పించారు. ఆమెకంటూ ఆ ఇంట్లో ఒక గది ఏర్పడింది.

నిన్న వెళ్ళి తడిక సందులోంచి చూశాను. లోపల ఆమె పేర పెట్టిన ప్రమిదలో వత్తి నల్లబడి ఉంది. నూనె పోయడం ఎవరి వంతో ఇంకా తేలలేదట.