మా అత్తగారూ, సినిమాలూ, తోడల్లుడూ

మా తోడల్లుడికి సినిమా చూడడం రాదు. ఈ మాట పైకి ఎక్కడా అనలేదు కానీ, అతను మా అత్తగారి ఊరు సంగంలో ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని "స్క్రీన్‌ప్లే" అన్న ప్రతిసారీ లోపల అనుకుంటూనే ఉంటాను.

నాది బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం వ్యాపారం. శుక్రవారం వచ్చిందంటే కొట్టు గుమాస్తాకు అప్పగించి, నెల్లూరు పోయి కొత్త సినిమా చూడకపోతే నాకు అన్నం సయించదు. చూసి ఊరుకోను. స్లోమోషన్‌లో నడుస్తూనే ఇంటర్వెల్ దాకా వచ్చేసే హీరోలంటే నాకు పడదు. కథ మధ్యలో ఆపి మిగతాది రెండో భాగంలో చూడమంటే, విస్తట్లో అన్నం ఉండగానే చెయ్యి కడుక్కోమన్నట్టు ఉంటుంది. వెబ్ సిరీస్‌ల సంగతి సరేసరి. అందులో ఇన్‌స్పెక్టర్‌కు పెళ్లాంతో పడదు, ఊళ్లో ఎప్పుడూ కరెంటు ఉండదు, ఒక పూట కథను ఎనిమిది భాగాలు చేసి సాగదీస్తారు. అయినా అన్నీ చూస్తాను. తిట్టాలంటే చూడాలి కదా.

ఈ తిట్లే నాకు మా అత్తగారి దగ్గర చోటు సంపాదించిపెట్టాయి. పెళ్లయిన చాలా ఏళ్ల వరకు ఆవిడ నాతో నేరుగా మాట్లాడలేదు. మా వైపు సేద్యం చేసుకునే ఇళ్లలో పాతకాలపు అత్తలు అల్లుడి ముందు కూర్చోరు. తలుపు చాటున నిలబడి, "అల్లుడుగారికి ఇంకొంచెం పప్పు కావాలేమో అడగవే" అని కూతురితో అంటారు. అల్లుడు కూడా పెళ్లాం వైపు తిరిగి "చాలని చెప్పు" అనాలి.

ఒకరోజు సంగంలో భోజనం చేసి టీవీ చూస్తున్నాను. ఏదో కొత్త సినిమా. హీరోయిన్ పల్లెటూరి పిల్ల. బురదలో పాట పాడుకుంటూ వరినాట్లు వేస్తోంది. వేస్తూ ముందుకు నడుస్తోంది! నాట్లు వేసేవాళ్లు ఎక్కడైనా వెనక్కి నడుస్తారు.

"నాటిందంతా ఈమే తొక్కేస్తా ఉండాదే!" అన్నాను, ఎవరితోనో తెలియకుండానే.

తలుపు వెనక పెద్దగా నవ్వు వినపడింది. ఆ నవ్వు ఆపుకోలేక ఆవిడ బయటికే వచ్చేశారు.

"ఆ చేను ఇంకేం పండతాది నాయనా!" అన్నారు, నా మొహం చూసి.

అప్పటినుంచి నేను సంగం వెళ్తే ఆవిడ ముందు అడిగేది మనవళ్ల గురించి కాదు, ఆ వారం సినిమా గురించి. కూర్చునేవారు కాదు, తలుపుకు ఆనుకుని నిలబడి వినేవారు. నేను చెప్పడం, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నా మాటలకు అంతలా నవ్విన పెద్దమనిషి నాకు ఇంకెవరూ లేరు.

ఇంతలో మా మరదలికి పెళ్లయింది. పెళ్లికొడుక్కి సూళ్లూరుపేటలో ఉద్యోగం. రైలెక్కితే మద్రాసు, తమిళ సినిమాను తమిళంలోనే చూసి వస్తాడు. అత్తగారింటికి వచ్చిన మొదటి పండక్కే, "అత్తా, నువ్వు గూడా కూర్చో, మంచి సిరీస్ ఒకటి పెడతా" అన్నాడు. అత్తా! నువ్వు! ఇన్నేళ్లుగా నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని "అత్తయ్యగారూ" అంటుంటే! ఆవిడ చీవాట్లు పెడతారని ఎదురుచూశాను.

"ఉండబ్బయా, కళ్లజోడు తెచ్చుకుంటా" అన్నారు. తెచ్చుకుని అతని పక్కన కుర్చీలో కూర్చున్నారు.

నన్ను ఆవిడ ఒక్కసారి కూడా అబ్బయా అనలేదు. నా ఒళ్లు భగ్గుమంది.

అతనికి నచ్చేవన్నీ మలయాళం డబ్బింగులు. వాటిలో వాన పడుతుంటుంది, మనుషులు టీ తాగుతుంటారు, చాలాసేపటి వరకు ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. నిజానికి వాటిలో రెండు మూడు నాకూ బాగా నచ్చాయి. అతను చెప్పాడు కాబట్టి బాగాలేవన్నాను. మా అత్తగారు మాత్రం, "ఏమో నాయనా, ఆ మనుషులు మన మనుషుల మాదిరే ఉండారు" అన్నారు. అది అతను నేర్పిన మాటేనని నాకు గట్టి అనుమానం.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక హత్య సిరీస్ మొదలుపెట్టారు. అతను సంగం వచ్చినప్పుడల్లా ఒక్కో భాగం. ఒక ఆదివారం మేం వెళ్లేసరికి చివరి భాగం మిగిలి ఉంది. నేను పెడతానన్నాను. ఆవిడ రిమోట్ తీసి పక్కన పెట్టారు.

"వద్దులే నాయనా. చిన్నబ్బాయి వచ్చినాక చూస్తాం."

చూస్తాం అన్నారు. ఆ మాటతో నాకు ఎక్కడ లేని రోషం వచ్చింది.

"ఏముంది అందులో చూసేదానికి? చంపింది ఆ పశువుల డాక్టరే" అన్నాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్లారు. మా ఆవిడ నన్ను కొరకొరా చూసి, "ఏందండీ మీరు చేసిన పని? ఎన్నాళ్ల నించి కాచుకోనుంది మాయమ్మ!" అంది. భోజనాల దగ్గర తలుపు అవతలి నుంచి మాట వినిపించింది. "అల్లుడుగారికి పెరుగు వెయ్యవే." తిట్టినా బాగుండేది. అంత మర్యాదను నేను తట్టుకోలేకపోయాను. ఆ రోజు మొదలు ఆవిడ నన్ను సినిమా ఊసు అడగడం మానేశారు.

కొన్ని వారాలు పోయాక తోడల్లుడు ఫోన్ చేశాడు.

"అన్నా, కొత్త సినిమా చూసినావంట గదా. నాకు సెలవు దొరకలా. ఎట్టుంది? అత్త అడగతా ఉండాది."

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ సినిమా గురించి అడిగితే నా నోరు నా మాట వినదు. "ఇంటర్వెల్ దాకా పెళ్లి భోజనం. ఆ తర్వాత అంతా మిగిలిన కూరలు మళ్లీ వేడి చేసి పెట్టినారు. హీరోకి తగిలిన దెబ్బల కన్నా మనకి తగిలిన డైలాగులే ఎక్కువ" అన్నాను. అతను పడీపడీ నవ్వాడు.

తర్వాతి ఆదివారం సంగంలో వరండాలో కూర్చుని ఉన్నాను. పెరట్లో మా అత్తగారు పొరుగింటామెతో మాట్లాడుతున్నారు. పెళ్లి భోజనం, మిగిలిన కూరలు, దెబ్బలు, డైలాగులు. అక్షరం పొల్లుపోలేదు. ఇద్దరూ ఒకటే నవ్వు.

"ఎవురు చెప్పినారక్కా?"

"మా చిన్నల్లుడు. వాడు మాట్లాడితే కూడు గూడా అక్కర్లా."

అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. మా ఇంట్లో పెద్దల్లుడి సొమ్మును చిన్నల్లుడు దానం చేస్తున్నాడు. లేచి వెళ్లి, ఆ మాటలు నావని అరవాలనిపించింది. కానీ ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నోటికి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. ఆ నవ్వు అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను.

ఆ శుక్రవారం నెల్లూరులో సినిమా వదలగానే, జనంలో తోసుకుంటూ బయటికి వచ్చి నేనే అతనికి ఫోన్ చేశాను. ఉన్నదంతా చెప్పాను. అతను థాంక్స్ చెప్పి పెట్టేయబోతుంటే ఆపాను.

"నేను చెప్పినట్టే చెప్పు, ఏం మార్చబాక. ఆమె యాడ నవ్విందో మాత్రం నాకు చెప్పు" అన్నాను.