సత్తెవ్వ పెట్టెలో దొరికిన బొమ్మ

పదమూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, నోట్లోంచి వచ్చినవి రెండు ముక్కలే. వాటితో ఒక ఆడపిల్ల బతుకు పాడైంది. ఆ తర్వాత నేను పెళ్ళి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను, పండుగలకు కొత్త చీరలు కట్టాను. నువ్వెవరో నాకు తెలియదు. మా మగ్గాల వాడ భవాని పేట్ మనిషివి కాకపోతే మరీ మంచిది. నీకైతే మొత్తం చెప్పగలననిపిస్తోంది.

సత్తెవ్వ మా పక్కింటి పిల్ల, నా ఈడుది. వాళ్ళ నాన్న నర్సయ్య మామ మగ్గం నేస్తే తను నూలు కండెలు చుట్టేది. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మకు చూపు తగ్గి దారం కనపడేది కాదు. అందుకని నేను మిల్లు నడిపే ఒక తెల్లదొర బంగ్లాలో పనికి కుదిరాను. ఆ జీతంతోనే మా పొయ్యి వెలిగేది. మేనత్త కొడుకు రాజేశం నాకే అని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవారు. నేనూ అనుకున్నాను. పెళ్ళీడు వచ్చేసరికి అత్త ఆ మాట ఎత్తడం మానేసింది. తండ్రి లేని పిల్ల, దొరల ఎంగిలి కంచాలు కడిగే పిల్ల ఎవరికి కావాలి? సత్తెవ్వను ఖాయం చేసుకుంది. రాజేశం బలవంతంగా ఒప్పుకొని ఉంటే ఓర్చుకునేదాన్నేమో. అతను సంతోషించాడు. నేను చూశాను.

బంగ్లాలో దొరసాని దగ్గర ఒక పేక ఉండేది. ఆడుకునేది కాదు, జాతకం చూసేది. 'టారో' అనేది దాన్ని. ఆ వానాకాలం కప్పు కారి సగం ముక్కలు తడిసి పాడైపోయాయి. మిగిలినవాటిలో ఒకటి నా చేతిలో పెట్టి, పెళ్ళి కావలసినదానివి, ఉంచుకో అంది. చూసి ముఖం తిప్పుకున్నాను. ఒక మగవాడు, ఒక ఆడది, ఒంటి మీద నూలుపోగు లేదు. పైన మబ్బుల్లో రెక్కలున్న దేవత. ఆడదాని వెనక పండ్ల చెట్టు, దానికి చుట్టుకున్న పాము. మగవాడి వెనక చెట్టుకు ఆకులకు బదులు మంటలు.

దొరసాని నవ్వి, వచ్చీరాని హిందీలో విడమరిచి చెప్పింది. ఇది ప్రేమ ముక్క. వాళ్ళకు బట్టలు లేనిది సిగ్గు లేక కాదు, ఒకరి దగ్గర ఒకరికి దాపరికం లేక. మంటలు కోరిక, పాము ఆశపెట్టి దారి తప్పించే బుద్ధి. మగవాడు ఆడదాన్ని చూస్తున్నాడు, ఆడది తల ఎత్తి దేవతను చూస్తోంది. ప్రేమంటే ఇష్టపడటం ఒక్కటే కాదు, ఏ దారిన పోవాలో తెలిసి తేల్చుకోవడం కూడా. ఆమె చెప్పిందంతా నాకు అర్థమైంది. నాకు తెలియక చేశానని నువ్వు అనుకోకూడదు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఆ ముక్క తెచ్చి సత్తెవ్వకిచ్చాను. అర్థం కూడా చెప్పాను. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత తన పెట్టెలో చీర మడతల మధ్య దాచుకుంది. ఎందుకిచ్చాను? స్నేహంతోనే ఇచ్చానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆమె ఎక్కడ దాస్తుందో చివరిదాకా నిలబడి చూశాను కదా. స్నేహంతో ఇచ్చినదాన్నయితే ఆ పెట్టె వైపు అంత కన్నేసి ఉంచుతానా? ఇప్పటికీ తేల్చుకోలేను. తేల్చుకోవడం ఇష్టం లేక తేల్చుకోలేదేమో.

నాలుగు రోజులకు మేనత్త దగ్గరికి వెళ్ళి, కోడలయ్యే పిల్ల పెట్టెలో ఏముందో ఒకసారి చూసుకో అత్తా అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అత్త నన్ను వెంటబెట్టుకుని పట్టపగలే వాళ్ళింటికి వెళ్ళింది. రవిక కొలత కావాలంటూ పెట్టె తెరిపించి, తనే చేయి పెట్టి వెతికింది. ముక్క బయటపడింది. నర్సయ్య మామ మగ్గం ఆగిపోయింది.

"ఏందే ఇది? గిసొంటి బొమ్మలు దాసుకుంటున్నవా? ఎవడిచ్చిండే?" అంది అత్త.

సత్తెవ్వ నా వైపు చూసింది. నర్సయ్య మామ కూడా నా వైపే తిరిగాడు. ఆయన గొంతులో ఇంకా ఆశ ఉంది.

"నువ్వు బంగ్లాల పని జేస్తవు గదా బిడ్డా. ఇది ఏం బొమ్మనో నీకేమన్న ఎరుకనా? దేవుని బొమ్మ గిట్లనా?"

"నాకేం ఎరుక మామా. గిసొంటివి నేనెన్నడు సూడలే."

అప్పుడు సత్తెవ్వ తల దించుకుని, "తొవ్వల దొరికింది నాయినా" అంది.

నా పేరు చెబితే నా పని పోతుందని, మా అమ్మ పస్తులుంటుందని ఆమెకు తెలుసు. అందుకేనా? లేక నన్ను చూసి అసహ్యమేసి మాట్లాడలేదా? అడిగే ధైర్యం ఏనాడూ చేయలేదు. ముక్కను పొయ్యిలో వేశారు. మేం బయటికి రాగానే తలుపు మూసుకుంది. తర్వాత జరిగింది మా గోడ అవతలి నుంచి విన్నాను.

సంబంధం తప్పిపోయింది. మిల్లు దొరలతో తిరుగుతుందని పేటంతా అన్నారు. రెండు నెలలు తిరక్కుండా ఆమెను భివండీలో ఒక రెండో పెళ్ళివాడికి కట్టబెట్టారు. మరుసటి ఏడు రాజేశం నా మెడలో పుస్తె కట్టాడు. ఒకసారి అతను, ఆ పిల్ల అట్లాంటిది కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుందని నాతోనే అన్నాడు. నేనూ అత్తా కళ్ళారా చూశాం కదా అని జవాబిచ్చాను. మొదటి అబద్ధం వయసు చెప్పించింది అనుకున్నా, ఈ రెండోదాన్ని ఎవరి మీదికి తోయను?

పోయిన నెల సత్తెవ్వ చనిపోయింది. జ్వరమట. ఈ వారం పరామర్శకు వెళ్ళి, నర్సయ్య మామ ఎదుట కూర్చుని, అంతా చెప్పేశాను. ఆయన ఏడవలేదు. ఒక్కటే అడిగాడు.

"అది మంచి బొమ్మనేనా?"

"మంచిదే మామా."

"ఆ పొద్దు బిడ్డను మస్తు కొట్టిన" అన్నాడు. తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయాడు. తర్వాత, "ఇంక మా గడప తొక్కకు" అన్నాడు.

అదే సాయంత్రం రాజేశానికి కూడా చెప్పాను. కంచంలో సగం అన్నం వదిలేసి లేచిపోయాడు. ఇవాళ్టికి నాలుగు రోజులు, నాతో మాట్లాడలేదు. పిల్లలు ఏమైందని అడుగుతున్నారు. వాళ్ళకేం చెప్పాలో నాకు తెలియదు.

వీళ్ళెవరూ నన్ను మన్నించరు. మన్నించమని అడగలేదు కూడా. కానీ ఇన్నేళ్ళకు అన్నం గొంతు దిగుతోంది. అందుకు సిగ్గుగా ఉంది. సిగ్గుపడుతూనే తింటున్నాను.