బాబాయి నిద్రపోయే వేళ

సౌదీలోని జిజాన్‌లో, ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే మూడు నెలల షట్‌డౌన్ పని ముగిసేసరికి నాకు నిద్ర తప్ప ఇంకే కోరికా మిగల్లేదు. కంపెనీ ఇచ్చిన విల్లాలో ఆరుగురం ఉండేవాళ్లం. ఒకడు డ్యూటీ నుంచి వచ్చి పడుకునే సమయానికి ఇంకొకడి అలారం మోగేది. కిటికీ ఏసీ ట్రాక్టర్‌లా రొద పెట్టేది. సెలవు మంజూరై ఇంటికి బయల్దేరినప్పుడు, జిద్దా దగ్గరైనా, కావాలనే హైదరాబాద్ విమానం దమ్మామ్ నుంచి తీసుకున్నాను. దమ్మామ్ పక్కనే, అల్ ఖోబర్‌లో, మా పిన్నీ బాబాయీ ఉంటారు.

"ఐదు రోజులు మా ఇంట్లో హాయిగా పడుకుని వెళ్లు. ఇంత నిశ్శబ్దమైన ఇల్లు నీకు సౌదీ మొత్తంలో దొరకదు" అంది పిన్ని ఫోన్లో.

నేను టాక్సీ దిగేసరికి పిన్ని కింద పార్కింగ్‌లో ఎదురుచూస్తోంది. చిక్కిపోయానని, జుట్టు ఊడిపోయిందని, అక్కడ ఏం తింటున్నామో ఏమోనని గట్టిగా మాట్లాడుతూనే లిఫ్ట్ ఎక్కింది. మూడో అంతస్తులో తలుపు తెరుచుకోగానే, మాట మధ్యలోనే, ఆవిడ గొంతు గుసగుసలోకి దిగిపోయింది.

"బాబాయి పడుకున్నారు. చెప్పులు ఇక్కడే చేత్తో పట్టుకో."

బాబాయి రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో నైట్ షిఫ్ట్ ఇంజినీరు. పొద్దున ఏడింటికి కంపెనీ బస్సు దిగి, రెండు పెసరట్లు తిని, ఎనిమిదింటికి పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. మళ్లీ మూడింటికి బయటికొస్తారు. ఆ ఏడు గంటలూ ఇంట్లో చీమ కూడా ఆచితూచి నడవాలి. కాలింగ్ బెల్ మీద అట్టముక్క అంటించి ఉంది. కుర్చీల కాళ్లకు పాత సాక్సులు తొడిగారు. కుక్కర్ కూత పెడుతుందని పప్పు గిన్నెలోనే ఉడుకుతుంది. మిక్సీ వేయాలంటే దాన్ని ఎత్తుకుని పక్క ఫ్లాట్‌లో ఉండే హైదరాబాద్ ఆవిడ ఇంటికి వెళ్లాలి. పిన్ని కూతురు, ఇంటర్ చదివే మా చెల్లెలైతే సగం మాటలు సైగలతోనే చెబుతుంది. రెండు చేతులూ గుండ్రంగా తిప్పితే చపాతీ, మూడు వేళ్లు చూపిస్తే నాన్న లేచే టైము.

తీరా చూస్తే ఆ నిశ్శబ్దంలో నాకు పగలూ రాత్రీ నిద్ర పట్టలేదు. మూడు నెలలు ఆ ఏసీ రొదలో పడుకున్నవాణ్ని కదా, హాల్లో పరుపు మీద పడుకుంటే నా గుండె చప్పుడు నాకే వినపడేది. అటు తిరిగితే దుప్పటి చప్పుడు, ఇటు తిరిగితే పరుపు చప్పుడు. దగ్గు వచ్చిందంటే బాల్కనీలోకి పరిగెత్తి, ఆ ఎండలో దగ్గి వచ్చేవాణ్ని. ప్రతి మధ్యాహ్నం పిన్ని నా పక్కన కూర్చుని, "ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా" అని చెవిలో అనేది. అవునని తలూపేవాణ్ని.

మూడోరోజు, పన్నెండున్నర దాటాక, ఎవరో తలుపు మీద గోటితో గీసినట్టు తట్టారు. మా బిల్డింగ్ హారిస్, అంటే కాపలా మనిషి. బంగ్లాదేశ్ అతను. మా ఇంటి పద్ధతి అతనికీ తెలుసు కాబట్టి అతనూ గుసగుసగానే, "నీచే పానీ గిర్ రహా హై, భాయ్" అన్నాడు. కింది ఫ్లాట్ బాత్‌రూమ్ కప్పులోంచి నీళ్లు కారుతున్నాయట. పైన ఉన్నది బాబాయి పడకగది బాత్‌రూమే.

నేను పిన్ని వైపు చూశాను. పిన్ని పడకగది తలుపు వైపు చూసింది.

"నువ్వెళ్లరా. నేను వెళ్తే గాజుల చప్పుడుకి లేచిపోతారు" అంది.

మునివేళ్ల మీద లోపలికి వెళ్లాను. గదంతా చీకటి. మంచం తడిమితే ఖాళీ. బాత్‌రూమ్ తలుపు ఓరగా వేసి ఉంది, కింది నుంచి నీళ్లు పాకుతున్నాయి. తోసి చూశాను. బాబాయి నిక్కరు వేసుకుని, నెత్తిన తడి తువ్వాలు కప్పుకుని, మెడదాకా నీళ్లలో టబ్‌లో పడుకుని ఉన్నారు. కుళాయి ధారగా పడుతోంది. కళ్లు పూర్తిగా తెరిచి గోడ పలకల వైపు చూస్తున్నారు.

"పడుకోలేదా బాబాయ్?" అన్నాను.

"పడుకునే ఉన్నానుగా, కనబడట్లేదా?" అని కాలి బొటనవేలితో కుళాయి కట్టేశారు. "ముందు ఆ తలుపెయ్యి."

నీళ్లు ఎత్తిపోస్తూ ఆయన చెప్పింది విన్నాను. బస్సులో గంటకు పైగా నిద్రపోతారట. ఇంటికొచ్చాక పన్నెండుదాకా పడుకుంటే చాలట. ఎండాకాలం పంపులో నీళ్లు కాలిపోతుంటాయి కాబట్టి పొద్దున్నే టబ్ నింపి చల్లారనిస్తారట. పన్నెండు నుంచి మూడుదాకా అందులో దిగి ఊరికే ఉంటారట. ఇవాళ నీళ్లు తగ్గాయని కుళాయి తిప్పి, కట్టడం మరిచారట.

"రాత్రంతా వాకీటాకీలో ఎవడో ఒకడు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడు. ఈ మూడు గంటలు నన్నెవరూ ఏమీ అడగరు."

"పిన్నికి చెప్పచ్చుగా?"

"చెప్తే మెలకువగా ఉన్నట్టేగా. మెలకువగా ఉన్నవాణ్ని కూరగాయలకి రమ్మంటారు." నెత్తిమీది తువ్వాలు పిండుకుంటూ, "కుళాయి వాషర్ పోయిందని చెప్పు" అన్నారు.

అలాగే చెప్పాను. పిన్ని అదే మాట హారిస్‌కి గుసగుసగా చెప్పి పంపేసింది. మర్నాడు మాత్రం, నన్ను తోడు రమ్మని, మిక్సీ పట్టుకుని పక్క ఫ్లాట్‌కి వెళ్తూ వరండాలో ఆగి, "నిన్న టబ్‌లో ఉన్నారా, మంచం మీదున్నారా?" అంది.

నేను వేలాడుతున్న మిక్సీ వైరు చుట్టడం మొదలుపెట్టాను.

"మూడింటికి లేచి వచ్చినప్పుడు ఆయన వేళ్లు చూడు. బట్టలుతికినట్టు ముడతలు పడి ఉంటాయి. నిద్రపోతే అలా అవుతాయా?"

"మరెందుకు ఊరుకున్నావు పిన్నీ ఇన్నాళ్లూ?"

"నాకేం నష్టం? మూడుదాకా టీ అడగరు, కళ్లజోడు వెతకమనరు. ఎవరైనా వస్తామంటే ఆయన నైట్ డ్యూటీ అంటే చాలు, మానుకుంటారు. నాకు తెలుసని చెప్పాననుకో, పన్నెండింటికే వచ్చి హాల్లో కూర్చుంటారు." మిక్సీని ఇంకో చంకకు మార్చుకుంది. పక్కింటావిడ తలుపు తీసి, "సో గయే క్యా భాయ్‌సాబ్?" అంటూ, పడుకున్నారా అన్నట్టు నవ్వింది. చిన్న గిన్నెడు కొబ్బరి పచ్చడికి గంటన్నర పట్టింది.

చివరిరోజు బాబాయికి నా మీద జాలి కలిగింది. నా కళ్ల కింద నలుపు చూసి, "పన్నెండు నుంచి ఒంటిగంటదాకా టబ్ నీది" అన్నారు. ఆయన గదిలో పడుకుంటానని పిన్నితో చెప్పి వెళ్లాను. ఆరుగురు మగాళ్ల ఇంట్లో అలవాటైన చెయ్యి, బాత్‌రూమ్ గడియ గట్టిగా పెట్టింది. నీళ్లలోకి దిగాను. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ మా విల్లా ఏసీలాగే గరగరమంటోంది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు.

లేచేసరికి పిన్ని గొంతు వినపడుతోంది: "ఏవండీ, మూడైంది, లేవండి." తలుపు తీసి చూస్తే బాబాయి మంచం అంచున కూర్చుని ఉన్నారు, భుజాన పొడి తువ్వాలు. ఒంటిగంట నుంచి తలుపు సందులో "ఒరేయ్, ఒరేయ్" అని పిలుస్తూనే ఉన్నారట. నిద్రపోతున్న మనిషి తలుపు బాదలేడు కదా. నా ఫోన్‌కి మెసేజులూ పెట్టారు, ఆ ఫోన్ ఆ ఇంటి నియమం ప్రకారం సైలెంట్‌లో ఉంది.

"బాగా పట్టిందా?" అన్నారు.

"చాలా బాగా పట్టింది బాబాయ్."

సాయంత్రం డ్యూటీకి వెళ్తూ, నా భుజం తట్టి, ఇంట్లో అందర్నీ అడిగానని చెప్పమన్నారు. మెట్ల దగ్గరిదాకా వెళ్లి వెనక్కి తిరిగి, "సెలవయ్యాక వచ్చేటప్పుడు జిద్దా మీదుగా రా. జిజాన్‌కి అదే దగ్గర" అన్నారు.