బ్యాటరీకి పోసిన మంచినీళ్లు

మొన్న టీవీ రిమోటు పనిచేయకపోతే వెనక మూత తీశాను. లోపల సెల్లు చిట్లి, బంకలాంటిదేదో కారి స్ప్రింగులన్నీ చిలుముపట్టి ఉన్నాయి. అది నా వేలికి అంటుకుంది. పేరు డ్రై సెల్లు గదా, ఈ తడి ఎక్కడిదని మనవరాలు అడిగింది. పూర్తిగా ఎండినదైతే అసలు పనే చేయదు. జింకు డబ్బా నడుమ బొగ్గుకడ్డీ, చుట్టూ నల్లపొడి, నవాసాగరమనే లవణం కలిపిన తడి ముద్ద. ఒలకదు కాబట్టి డ్రై అన్నారు. వాడేకొద్దీ డబ్బాయే కరిగి చిల్లు పడుతుంది, ఇక పారేయడమే. బళ్లో పాఠాలు చెప్పి బతికినవాణ్ణి కనుక ఇదంతా గడగడా చెప్పేశాను. మరి తడి సెల్లూ ఉంటుందా అని అడిగేసరికి మాత్రం రేపు చెబుతానని తప్పించుకున్నాను. నా ఈడువాళ్లు మీరు, మీతోనే చెప్పుకోవాలి.

అరవైల మొదట్లో ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో పంతులుగా ఉండేవాణ్ణి. ఇల్లు నల్లమాడ పక్కన ఇంకో పల్లెలో, అక్కడ నాయన, అక్క ఉండేవాళ్లు; వారానికోసారి వచ్చిపోయేవాణ్ణి. నాయనకు చూపు పోయి, గొర్రెలు అమ్మేసినప్పటి నుంచి మంచానికి అతుక్కుపోయి మాటే మానేశాడు. ఆయన కోసమే రేడియో కొన్నాను. ఊళ్లో కరెంటు లేదు గనుక అది కారు బ్యాటరీతో పలికేది. రేడియో వచ్చాక నాయనకు నోరొచ్చింది. వార్తలు చదివే మనిషితో పోట్లాడేవాడు, ధరలు చెబితే తిట్టేవాడు.

కానీ ఆ బ్యాటరీ అంటే నాకు రోత. అదే తడి సెల్లు: సీసపు పలకలు, వాటిని ముంచుతూ నీళ్లు కలిపిన గంధకామ్లం. సెల్లులాగా పారేసేది కాదు, దిగిపోయినప్పుడల్లా కదిరికి మోసుకుపోయి ఛార్జి పెట్టించాలి. బస్సు కుదుపుకు ఆ యాసిడ్ చిందితే పంచె ఉతకగానే జల్లెడయ్యేది, ఆ పుల్లకంపు గొంతులో పట్టుకుని అన్నం కూడా సయించేది కాదు. అందుకని ఇంట్లో దాన్ని ముట్టకుండా, లోపల తగ్గినప్పుడల్లా పలకలు మునిగేదాకా నీళ్లు పోయమని అక్కకు పురమాయించి బస్సెక్కేవాణ్ణి. ఏ నీళ్లో చెప్పలేదు. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాలని పిల్లల చేత వల్లె వేయించిన పెద్దమనిషిని నేనే.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అక్క ఎండిన వంక ఇసుకలో చెలిమె గుంట తోడి, బిందె నిండేదాకా కూర్చుని తెచ్చేది. తాగడానికి మనిషికింతని వాటా. ఎనిమిది రోజులు పలికే రేడియో నాలుగు రోజులకు, తర్వాత రెండు రోజులకు దిగింది. చివరికి కదిరిలో ఛార్జింగు అంగడి భాయి బిరడాలు విప్పి చూసి నా మొహం చూశాడు.

"ఏమప్పా అయ్యవారూ, యా నీళ్లు పోసినారు దీంట్లో? మన నీళ్లల్లో ఉప్పుండాది. మనం తాగేది దీనికి ఇసం. పలకలు పోయినాయి. వాననీళ్లు పట్టి పోసినా బాగుండు."

వాననీళ్లట, ఆ సంవత్సరం.

ఇంటికొచ్చి అక్క మీద ఎగిరాను. ఆమె బిత్తరపోయింది. పశువులు తాగే చవిటినీళ్లు కాదు, మంచినీళ్లే పోశానంది. అవి నాయన వాటా నీళ్లు. "నాకు సగం చెంబు చాల్లేమ్మా, మిగిలింది దానికి పొయ్యి, నోరు లేందిగదా" అన్నాడట. నెల రోజులుగా దానికి నీళ్లు పోసిన రోజల్లా సగం చెంబుతోనే గడిపాడు. ఆయన పెదాలు పగలడం నేను చూశాను, ఎండలనుకున్నాను.

నాయనకు నిజం చెప్పలేదు. చెబితే పంతులు తప్పు బయటపడుతుంది గదా. బ్యాటరీ పాతబడిందన్నాను. నాయన "నా నీళ్లన్నీ పోసుంటే బతికేదేమోరా" అన్నాడు. అప్పుడైనా నోరు విప్పలేదు, థూ. కొత్త బ్యాటరీ కొనడానికి నా జీతం చాల్లేదు, ఆ తర్వాత ఆయన మళ్లీ మాట మానేశాడు. డ్రై సెల్లుల ట్రాన్సిస్టర్లు మా ఊరికి వచ్చేనాటికి నాయన లేడు.

ఇప్పుడు మా ఇన్వర్టరు బ్యాటరీకి బిరడాలే లేవు. దానికి దప్పికవుతుందేమోనని అడిగే మనిషీ లేడు. తాగే నీళ్లు క్యాన్లలో గుమ్మం దగ్గరికే వస్తాయి, సగం తాగి సగం పారబోస్తాం. వేలికంటిన బంక సబ్బు పెడితే పోయింది. తడి సెల్లు సంగతి మనవరాలు రోజూ అడుగుతూనే ఉంది, రేపు చెబుతానంటున్నాను.