యాకుత్‌పురాకు వచ్చిన మంచు బండి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఐటీఐలో వెల్డింగ్ కోర్సు అప్పుడే పూర్తి చేసి, సర్టిఫికెట్‌కు ప్లాస్టిక్ తొడుగు వేయించుకుని, యాకుత్‌పురా స్టేషన్ పక్క గల్లీలో మా మేనమామ దుకాణంలో చేరాను. అంత ధీమా ఎక్కడి నుంచి వచ్చేదో ఇప్పుడు తలచుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. మామ జన్మంతా ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్లులు. పాతబస్తీలో ఆయన గేటు లేని గల్లీ లేదని అత్త అంటుండేది (ఆమె చుట్టాల ఇళ్లన్నిటికీ గేట్లు ఆయనవే కాబట్టి ఆమెకు అలాగే కనిపించి ఉంటుంది). నేను వచ్చీ రాగానే మామ వెంటపడి, అల్యూమినియం అతికే కొత్త మెషీను కొనిపించాను. ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు, జనం మన గడప ముందు బారులు తీరతారు అని నమ్మబలికాను. బారుల మాట దేవుడెరుగు, ఒక్కడూ రాలేదు. మెషీను తన గ్యాసు సిలిండరుతో సహా అత్త పాత చీర కప్పుకుని మూలన కూర్చుంది. గల్లీలో నాకు మాత్రం 'గ్యాసోడు' అనే పేరు స్థిరపడిపోయింది.

మా దుకాణంలో దసరాకు పనిముట్లన్నీ తుడిచి, వరుసగా పేర్చి, బొట్లు పెట్టి పూజ చేస్తారు. అందరూ చేసేదే. కానీ మామకు ఒక పట్టింపు ఉండేది. ఆ ఏడు పని చేసిన పనిముట్టుకే బొట్టు. ఖాళీగా పడి ఉన్నది సుత్తి అయినా సరే, ఆ వరుసలో కూర్చోకూడదు. పండగ దగ్గర పడుతున్న కొద్దీ ఆయన చూపు చీర వైపు పోవడం మొదలైంది. ఒకరోజు చాయ్ తాగుతూ తాపీగా చెప్పాడు. "పండుగ దాంక చూస్తరా. పని రాకుంటే దీన్ని వాపస్ పంపిస్త. పనిజేయనిదానికి బొట్టు పెట్టి నేను గల్లీల తల ఎత్తుకోలేను." మెషీను పోతే దాని వెనకే నా గొప్పలూ పోతాయి, నేను గేట్లకు రంగు కొట్టుకుంటూ మిగిలిపోవాలి. జహనుమాలో మా ఇంటి చుట్టుపక్కల నన్ను నేను 'స్పెషలిస్టు'గా ప్రచారం చేసుకుని ఉన్నాను కూడా.

సరిగ్గా అప్పుడే ఒక ట్రాలీ ఆటోలో ఆ వింత వస్తువు దిగింది. సీటు ఉంది, హ్యాండిల్ ఉంది, హెడ్‌లైటూ ఉంది, చక్రాలే లేవు. ముందు రెండు పొడుగాటి చెక్కల్లాంటివి, కింద పళ్లున్న రబ్బరు పట్టా. దాంతోపాటు వచ్చినవాడు మాకంటే ఎక్కువ చెమటలు కక్కుతున్నాడు. ఊరి చివర ఒక పెద్ద షెడ్డులో మిషన్లతో మంచు కురిపించి జనాన్ని ఆడించే చోటు ఉందట, అక్కడ వచ్చినవాళ్లను ఈ బండి మీద చుట్టూ తిప్పడం అతని ఉద్యోగమట. (అతనికి మేం అక్కడికక్కడే 'మంచు డ్రైవర్' అని పేరు పెట్టేశాం.) ఏదో చలిదేశం నుంచి పాతది తెప్పించి, ఇంజను తీసేసి బ్యాటరీ మోటారు పెట్టారు. సీటు కింద అల్యూమినియం చట్రం పగిలింది. ఎక్కడ అడిగినా మా వల్ల కాదంటే, ఎవరో గ్యాసోడి పేరు చెప్పారట.

గల్లీ గల్లీ అంతా కదిలి వచ్చింది. ఎదురుగా హోటల్ నడిపే చాయ్ భాయ్ పాల గిన్నెను పొయ్యి మీదే వదిలేసి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. చక్కే నహీ, ఫిర్ చల్తీ కైసీ మియా, చక్రాలు లేకుండా ఎట్లా నడుస్తది అని అడిగాడు. మంచు మీద జారుతుందని డ్రైవర్ చెప్తే, మరి మంచు కరిగితే ఎట్లా అన్నాడు. మిగతావాళ్లు వంగి చూసి, రబ్బరు పట్టా లాగి చూసి, హారన్ ఉందా అని వెతికారు. మాలో ఒక్కరమూ మంచు చూసినవాళ్లం కాదు. మాకు తెలిసిందల్లా గోలా బండి మీది ఐసే.

పని మొదలుపెట్టే ముందు ఒక అల్యూమినియం ముక్క మీద చెయ్యి చూసుకుంటానని మామ మెషీను టార్చి తీసుకున్నాడు. ఆయన కన్ను ఇనుముకు అలవాటు పడింది. ఇనుము ముందు ఎర్రబడుతుంది, తర్వాత కరుగుతుంది. మామ ఆ ఎరుపు కోసం ఎదురు చూస్తున్నాడు. ఇది ఎర్రబడదు మామా అంటున్నాను, ఆయన వినిపించుకోవడం లేదు. ముక్క తెల్లగా ఉన్నది ఉన్నట్టే ఉండి, ఒక్కసారిగా జారి ఆయన చెప్పు పక్కన బొట్టుగా పడింది. మామ చాలాసేపు ఆ బొట్టును చూశాడు. "దొంగ లోహంరా ఇది. చెప్పకుంట కరుగుతది" అన్నాడు. తర్వాత టార్చి నా చేతికిచ్చి, నా భుజం మీద నుంచి తొంగిచూస్తూ నిలబడ్డాడు. పగులు రెండు కొసల్లో, అది ఇంకా పాకకుండా, చిన్న రంధ్రాలు వేశాను. పగులును గాడిలా చెక్కి, మెరిసేదాకా బ్రష్షుతో తోమి, నీటిచుక్క వేస్తే చిందులు వేసేంత వేడి చేసి, అప్పుడు అతికాను. ప్రతి అంగుళానికీ మామ ఎర్రగైందా అని అడుగుతూనే ఉన్నాడు. పైన ఒక చదరపు రేకు కూడా వేసి నాలుగు వైపులా అతికేశాను.

ఇంతకీ ఎందుకు పగిలిందని చాయ్ భాయ్ అడిగాడు. అందరికీ ఆ కుతూహలమే. నేను గొంతు సవరించుకున్నాను. చలికి లోహం పెళుసుబారుతుందని, చలిదేశాల్లో ఇది పెద్ద సమస్య అని, అణువులు ముడుచుకుంటాయని ఒక ఉపన్యాసం ఇచ్చాను. (అల్యూమినియానికి చలంటే లెక్కే లేదని, అది పెళుసెక్కేది ఇనుమేనని తర్వాత తెలిసింది. అప్పటికి గల్లీ మొత్తం ఆ అణువుల సంగతి ఊరంతా చెప్పేసింది.)

సాయంత్రం చాయ్ భాయ్ ముచ్చటపడి, ఒక్క ఫోటో దిగుతానన్నాడు. ఆయన ఎక్కాడు. వెంటనే మంచు డ్రైవర్ చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. చూడ్డానికి వచ్చిన భాయ్ ఇంటివాళ్లలో బేగంను వెనక కూర్చోబెట్టాడు, ఇద్దరు పిల్లల్ని మధ్యలో ఇరికించాడు, చిన్నదాన్ని హ్యాండిల్ దగ్గర నిలబెట్టాడు, భాయ్ అత్తగారిని బ్యాటరీ పెట్టె మీద సర్దాడు. అదంతా ఎంత లాఘవంగా చేశాడంటే, రోజూ చేసే పని అని చూస్తేనే తెలుస్తోంది. అప్పుడు సీటు కింద టిక్కుమంది.

అందర్నీ దింపి చూస్తే నా అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కనే, నా చదరపు రేకు అంచు వెంట, వెంట్రుక మందాన కొత్త పగులు. అక్కడ కూడా ఇలాగే ఎక్కిస్తావా అని మామ అడిగాడు.

"మరి? ఫ్యామిలీని ఇడగొడ్తమా అన్నా?" అన్నాడు డ్రైవర్, మేమేదో తప్పుడు మాట అన్నట్టు. "ఇద్దరెక్కి నలుగురు కింద నిలవడితె అదేం ఫోటో?"

నా అణువులన్నీ అక్కడే కరిగిపోయాయి. అయినా పట్టు వదలకుండా, ఇది ఇద్దరి కోసం చేసిన బండి, ఇద్దరికి మించి ఎక్కరాదని బోర్డు పెట్టమన్నాను. డ్రైవర్, చాయ్ భాయ్, మామ ముగ్గురూ నా వైపు జాలిగా చూశారు.

"గేటు జేసేటప్పుడు పోరగాండ్లు ఊగరు అనుకొని జేస్తమారా?" అన్నాడు మామ. "ఊగుతరు అనుకొనే జేస్తం."

నాకు ఆ మాట చాలా నచ్చింది, ఒళ్లు మండింది కూడా. మామ అట్టముక్క తెచ్చాడు. గేటు మూలలకు వేసే పువ్వు పట్టీ నమూనా దాని మీద గీశాడు, రెండు వైపులా వంపు తిరిగి, కొసలు సన్నగా సాగి ఉండేది. అందం కోసం కాదట, పిల్లలు ఊగినప్పుడు బరువు ఒక్కచోట ఆగకుండా పక్కకు జారిపోవడానికట. ఆ ఆకారంలో అల్యూమినియం రేకు కోసి చట్రానికి రెండు వైపులా, మూల నుంచి మూలకు వెయ్యమన్నాడు. నా చదరపు రేకు కోసి పారేసి, కొత్త పగులు కూడా అతికి, పట్టీలు వేశాను. గీత ఆయనది, అతుకు నాది. ఎర్రగైందా అని మాత్రం అడగడం మానలేదు.

రెండో పరీక్షకు అదే కుటుంబం, అదే వరుస, వాళ్లకు తోడు మామ. మామ ఒకసారి కాదు, పిల్లాడు గేటు మీద ఊగినట్టు పదేపదే ఊగాడు. చప్పుడు లేదు. బండి ట్రాలీ ఎక్కి వెళ్లిపోయింది.

దసరా నాడు పొద్దున్నే నేను దుకాణానికి వెళ్లేసరికి మూలన చీర లేదు. మెషీను వరుసలో, సుత్తి పక్కన, కడిగిన మొహంతో కూర్చుని ఉంది. మామ దానికి బొట్టు పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి, సిలిండరుకు కూడా పెట్టాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి (అగరుబత్తీ పొగ అని అత్తతో చెప్పాను).

మొన్న ఎండాకాలం పిల్లల పోరు పడలేక ఆ మంచు చూడ్డానికి అందరం వెళ్లాం. మామ కూడా వచ్చాడు. వంగిపోయాడు, అద్దె కోటు మోకాళ్ల కిందికి దిగింది. బండి అదే. పైన కొత్త రంగు, కింద మా గేటు పువ్వులు. పక్కన ఇద్దరు మాత్రమే ఎక్కవలెను అని పెద్ద బోర్డు. దాని కిందే కొత్త కుర్ర డ్రైవర్ నిలబడి, అందరూ ఎక్కుర్రి సార్ అంటున్నాడు. ఆ బండి మీద ఎంత బరువు పెట్టొచ్చో ఆ షెడ్డులో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నోరు తెరిచాను. అప్పటికే మామ ఎక్కి మధ్యలో కూర్చున్నాడు, మా ఆవిడ వెనక, పిల్లలు ముందు. నన్ను బ్యాటరీ పెట్టె మీద సర్దుతూ డ్రైవర్ నా పొట్ట వైపు ఒక చూపు చూసి, "సార్, జర నిమ్మళంగ కూసోర్రి" అన్నాడు.

నేను వీలైనంత తేలిగ్గా కూర్చున్నాను. మంచులో రెండు చుట్లూ మామ చెయ్యి సీటు కిందే ఉంది, అతుకు మీద. దిగేటప్పుడు చలికి పళ్లు టకటకలాడుతుంటే నా చెవి దగ్గరికి వంగి అన్నాడు.

"ఎర్రగ కాకున్నా అతికిందిరా."