ఎర్రరంగు కింద నీలం పెదాలు

ఫిల్మ్ నగర్ స్టూడియోలో దిగేసరికి ఉదయం ఆరు. చలికాలం. పటాలంలో నేను నర్సింగ్ హవల్దార్‌ని. రిటైరయ్యాక ఒక యుద్ధం సినిమాకు పిలిచారు. జూనియర్ ఆర్టిస్టులకు తుపాకీ పట్టడం నేర్పాలి, దెబ్బ తగిలితే కట్టు కట్టాలి. ఫ్లోరులో ప్లైవుడ్ బంకరు, ఇసుక బస్తాలు, పొగ మిషన్. ఇదీ ఒక పోస్టింగేనా అని నవ్వుకున్నాను.

ఆ పొగే కొంప ముంచింది. పొద్దస్తమానం అందరూ దగ్గేవాళ్ళు. ఎవరిది జబ్బు దగ్గో తెలిసేది కాదు.

గాయపడ్డ సిపాయి వేషం యాదగిరిది. మోతీనగర్ మనిషి, షుగర్ ఉంది. ఒకరోజు పొద్దున జ్వరం, గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు అన్నాడు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నాను.

"జర ఆగు సారూ. గోలి ఏసుకున్న. నిన్నటి షాట్ల నా మొఖం పడ్డది. ఇయ్యాల లేకుంటే సీను ఖరాబైతది."

షాట్‌లో బంకరు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఛాతీ ఎగసిపడుతోంది. మాట మాటకీ ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"కట్! ఏం చేశావయ్యా!" మైకులో డైరెక్టర్. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది.

కట్ చెప్పినా ఆ ఆయాసం ఆగలేదు. అతని దగ్గరికి పరుగెత్తాను. సరిహద్దులో కాల్పులప్పుడు కూడా ఇంత భయపడలేదు.

"మనం గీడ ఏ బోర్డర్ల ఉన్నం సారూ?" అన్నాడు యాదగిరి.

"ఇంకా పాత్రలోనే ఉన్నాడండీ!" ఎవరో నవ్వారు.

"నటన కాదు! మనిషికి ఊపిరాడట్లేదు!" అరిచాను. "పెదాలు తుడవండి!"

మేకప్ మ్యాన్ దూదితో నెత్తురు రంగు తుడిచాడు. కింద పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఈ నీలం నేను వెయ్యలేదండీ," అన్నాడు.

అందరం మాస్కులు కట్టుకుని, కిటికీలు తెరిచి, ప్రొడక్షన్ వ్యాన్‌లో జూబ్లీహిల్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా అతని మణికట్టు వదల్లేదు. ఆక్సిజన్ పెట్టారు. పరీక్షలో స్వైన్ ఫ్లూ అని తేలింది.

డాక్టరమ్మ కోప్పడింది. "షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు జ్వరం, దగ్గు రాగానే రావాలండీ. ఆయాసం దాకా ఆగుతారా?"

యాదగిరి బతికాడు. షూటింగ్ ముగిశాక నేను వెంగళరావు నగర్ ఇంటికి వచ్చేశాను. సినిమా విడుదలైనప్పుడు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆ షాట్ అలాగే ఉంచారు. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం ఎర్రరంగు కింద నీలమే కనిపించింది. పక్క సీట్లో యాదగిరి ఊపిరి పీలుస్తున్నాడో లేదో అటు తిరిగి చూశాను.