మేవిస్ తప్పుగా పెట్టిన చిమ్నీ

దక్షిణాఫ్రికాలోని మార్‌బర్గ్‌లో మా పక్కింటి మేవిస్ గారి ముందుగదిలో గోడ సగం ఒకటే బొమ్మ. చెరకు తోటలు, నది, అవతల చక్కెర మిల్లు, చివర సముద్రం. దగ్గరికెళ్లి చూస్తే అన్నీ పాత జిగ్సా పజిల్ ముక్కలే. చర్చి అమ్మకాల్లో తెల్లవాళ్లు వదిలించుకున్న పెట్టెలు తెచ్చుకునేదట. ఏ పెట్టెలోనూ ముక్కలు పూర్తిగా ఉండవు, ఇక వాటిని ఎవరు పేరుస్తారు? అలా ఇంగ్లండు పచ్చికబయళ్లు ఇక్కడి చెరకైపోయాయి, స్విట్జర్లాండు ఆకాశం హిందూ మహాసముద్రమైంది. బాగా అయింది అనుకున్నాను నేను.

మేము హైదరాబాదు నుంచి వచ్చిన కొత్తలో ఆవిడ సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి ఆ బొమ్మ సంగతి చెప్పింది. ఆవిడ భర్త ఫ్రాంక్ గారు అప్పుడు పెరట్లో మిరప మొక్కలతో పోట్లాడుతున్నారు.

ఆయన బతుకంతా మిల్లులో బాయిలర్ దగ్గరే గడిచింది. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎనభైల్లో నల్లవాళ్లను వదిలేసి ఇండియన్లకు విడిగా ఓటు ఇస్తామని తెల్లవాళ్ల ప్రభుత్వం పిలిస్తే, "అందరికీ ఇయ్యి, అప్పుడు ఏస్తా" అని తలుపేసుకుని పడుకున్నారట. తీరా అందరికీ ఇచ్చే రోజు దగ్గరపడుతుండగా పక్షవాతం వచ్చింది. మాట మిగిలింది, నడక తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉండేది.

ఓటు కాగితం మీద ఎడంచేత్తో గీత గీస్తే చాలు కదా అని అందరూ అన్నారు.

"ఎడంచేత్తోనా? మా అమ్మ ఎడంచేత్తో అప్పడం కూడా అందుకోనియ్యలే. ఓటు ఎడంచేత్తో ఇస్తారా ఎవరన్నా?"

చర్చికి వెళ్లే మనిషే గానీ ఆ పట్టింపు మాత్రం చెరకు కూలీలుగా సముద్రం దాటొచ్చిన తెలుగు తాతల నుంచి చెక్కుచెదరలేదు. కుడిచేత్తో గీయలేకపోతే ఇంట్లోనే ఉంటానన్నారు. అలా ఉండిపోతే ఇక ఆయన కోలుకోరని మేవిస్ గారి భయం.

ఆసుపత్రి అమ్మాయి వచ్చి కుడిచేత్తో చిక్కుడు గింజలు ఏరమంటే ఆయన పళ్లెం విసిరికొట్టారు. "నేను బేబీనా?"

మేవిస్ గారు ఇక బతిమాలలేదు. ఆయన ఎడంచెయ్యి గోడవైపు ఇరుక్కునేలా బల్ల జరిపి, దానిమీద పెద్ద అట్ట పరిచి ముక్కలు పేర్చసాగింది. మిల్లు చిమ్నీ తెచ్చి నదికి ఇవతల పెట్టింది.

"నో మ్యాన్, మేవిస్! చిమ్నీ ఆ సైడ్ కాదే, మొద్దూ! అవతల ఫగా చెయ్, అవతల పెట్టు!"

"నాకేం తెలుసయ్యా? నువ్వే పెట్టు."

ఆవిడ వంటింటి కిటికీలోంచి రోజూ కనపడేది ఆ చిమ్నీయే.

ఆయనకి ఒళ్లు మండింది. కుడిచెయ్యి వణుక్కుంటూ లేచింది. ముక్క జారింది. తిట్టుకుంటూ మళ్లీ తీశారు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండివాడి పెళ్లాం మాటేమిటో ఆ సామెత చెప్పినవాడికి తెలియదు. ఆవిడ రోజుకో తప్పు చేసింది. సముద్రంలో పచ్చ ముక్క, వంతెన వంకర, ఎండాకాలంలో మంచు. ఆయన తిడుతూ సరిదిద్దారు. చిమ్నీ పొగ మొత్తం బూడిదరంగు ముక్కలు ఏరి ఆయనే పెట్టారు.

"ఆ తిట్లు వింటంటే నాకు ప్రాణం లేచొచ్చేది, అమ్మా. కిచెన్‌లోకి పోయి ఏడ్చేదాన్ని," అంది మేవిస్ గారు.

తొంభైనాలుగు ఏప్రిల్ వచ్చింది. ముసలివాళ్లకూ జబ్బుపడినవాళ్లకూ ఒకరోజు ముందే ఓటన్నారు. ఆయన వెళ్లలేదు. మర్నాడు అందరితోపాటు బడి ముందు వరుసలో నిలబడ్డారు, ముందు ఒక జులూ అవ్వ, వెనక ఒక తెల్లాయన. పక్కింటామె కోగీ కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. లోపల అధికారి సాయం చేస్తానంటే తల అడ్డంగా ఊపారు.

మేవిస్ గారు ముందు ఓటేసి బయట నిలబడింది. ఆయన వెనక వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే వచ్చేస్తున్నారు. ఆయన రాలేదు. ఏసయ్యా, ఏసయ్యా అనుకుంటూ గేటు పట్టుకుంది.

ఎట్టకేలకు వచ్చారు. మొహంలో ఏమీ తెలియలేదు.

"ఏమయ్యింది?"

"వంకరొచ్చింది," అన్నారు. "కానీ గీశా."

పెళ్లయిన నాటి నుంచీ వీధిలో ఆవిడకి రెండడుగుల ముందు నడిచే మనిషి, అంత వరుసా చూస్తుండగా ఆవిడ చెయ్యి పట్టుకున్నారు, కుడిచేత్తో.

"గట్టిగా పట్టుకున్నాడు, అమ్మా," అంది మేవిస్ గారు. "నొప్పెట్టింది. ఇల్లొచ్చేదాకా చెప్పలే."